మొక్కల గాదెలు – పసిపిల్లల కంచము

(సికింద్రాబాదులో గ్రామీణ కార్యకర్తల శిక్షణ తరగతి యందు సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)

మీలో వరి పండించువారు కలరు. పల్లికాయ, కంది, జొన్న పండించువారు కలరు. అంగన్‌వాడీలలో పసిపిల్లలకు ఆహారము పెట్టు సోదరీమణులును ఇచ్చట ఉన్నారు. మీ అందరికిని ఉపయోగపడు ఒక చిన్న ప్రశ్నను నేడు మీ ముందుంచుచున్నాను. ఒకే నేల, ఒకే నీరు, ఒకే ఎండ. అయినను వరిగింజలో పిండి నిండియున్నది. పల్లిగింజలో నూనె నిండియున్నది. కందిలో మాంసకృత్తులు మెండు. చెరకు గడలో చక్కెర మెండు. ఒక్కొక్క మొక్క తన శక్తిని ఒక్కొక్క విధముగా దాచుకొనుటకు కారణమేమి?

ఇది బడిపిల్లల పాఠము మాత్రమే కాదు. ఏ గింజను ఎంతగా ఎండబెట్టవలెనో, ఏ పంట నుండి ఎంత దిగుబడి ఆశింపవలెనో, అన్నిటికంటె ముఖ్యముగా, కడుపు చిన్నదై ఆకలి పెద్దదైన పసిబిడ్డకు ఏమి పెట్టవలెనో, ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమే మనకు తెలుపును.

ఆకులో వంట, గింజలో సద్ది

మొక్కకు వంటయిల్లు ఆకు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు పంపిన నీటిని తీసికొని, సూర్యకాంతి సహాయమున ఆకు చక్కెరను తయారుచేయును. కావున మొక్కకు మొదట చేతికి వచ్చు సంపాదన చక్కెరయే. పిండిగాని, నూనెగాని, ఆ చక్కెర నుండి మార్చుకొన్నవే. మాంసకృత్తులకు మాత్రము దానితోపాటు నత్రజని కూడ కావలెను.

పగలు సంపాదించినదంతయు మొక్క పగలే ఖర్చు చేయదు. రాత్రికి కొంత కావలెను. పువ్వునకు, కాయకు కొంత కావలెను. రేపు నేలలో మొలకెత్తబోవు బిడ్డమొక్కకు కొంత కావలెను. ఆ మొలక నేలను చీల్చుకొని పైకి వచ్చి, మొదటి ఆకు విప్పి, స్వయముగా వంట మొదలుపెట్టు వరకు తల్లిమొక్క కట్టియిచ్చిన సద్దిమూటయే దానికి ఆధారము. ఆ సద్దిమూటనే మనము గింజ యనుచున్నాము. మొక్క దానిని మనకొరకు దాచలేదు. తన బిడ్డ కొరకు దాచినది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

తెలివిగల సంసారి తన సంపాదనను ఒకే రూపమున ఉంచుకొనడు. కొంత చేతిలో రొక్కముగా, కొంత గాదెలో ధాన్యముగా, కొంత పెట్టెలో బంగారముగా ఉంచుకొనును. మొక్కకు చక్కెర చేతిలోని రొక్కము. పిండి గాదెలోని ధాన్యము. నూనె పెట్టెలోని బంగారము. ఒక్కొక్క దానిలోను ఒక సౌకర్యము కలదు, ఒక చిక్కు కలదు.

చక్కెర – చేతిలోని రొక్కము

చక్కెర నీటిలో కరుగును. కావున ఆకు నుండి వేరునకు, కొమ్మ నుండి కాయకు సులభముగా ప్రవహించును. కావలసిన చోట వెంటనే ఖర్చు చేయవచ్చును. చెరకు తన సంపాదనను కాండములోనే చక్కెరగా ఉంచుకొనును. తాటి, ఈత చెట్లను గీచినప్పుడు కారునది ఈ ప్రవహించు రొక్కమే.

అయితే రొక్కము నిలువ ఉండుట కష్టము. వానకాలమున బెల్లము చెమ్మగిల్లుట అందరును చూచినదే. చక్కెర నీటిని తనవైపునకు లాగుకొనును. చిన్న గింజలో చక్కెరను కూరి పెట్టినచో నీటిని లాగుకొని గింజ ఉబ్బిపోవును. ఎండి నిద్రించవలసిన విత్తు నిద్రింపజాలదు. పైగా చక్కెర రసము కంటికి కనపడని సూక్ష్మజీవులకు విందు వంటిది. తెల్లవారుజామున దించిన తీయని నీరా ప్రొద్దెక్కుసరికి పులిసి కల్లగుచున్నది. నరికిన చెరకును త్వరగా గానుగకు చేర్చనిచో రసములోని చక్కెర తరిగిపోవుచున్నది.

పండులోని చక్కెర సంగతి వేరు. మామిడి, అరటి పచ్చిగా ఉన్నప్పుడు వానిలో పిండి యుండును; పండునప్పుడు ఆ పిండి చక్కెరగా మారును. టెంకలోని విత్తు ముదురు వరకు కాయ పుల్లగా, వగరుగా ఉండి ఎవరిని దరిచేరనీయదు. విత్తు సిద్ధమైన పిమ్మట రంగు, వాసన, తీపి వచ్చును. విత్తనమును దూరమునకు మోసికొనిపోవు పక్షికి, కోతికి, మనిషికి చెట్టు ఇచ్చు కూలి ఆ తీపి. కూలి రొక్కముగానే ఇయ్యవలెను గదా!

పిండి – గాదెలోని ధాన్యము

రొక్కము నిలువ ఉండదు గనుక మొక్క ఒక ఉపాయము చేసినది. వేలకొలది చక్కెర రేణువులను పూసలవలె గుచ్చి, పొడవైన దండలుగా చేసి, వానిని గట్టి గుళికలుగా అమర్చినది. అదియే పిండి పదార్థము. ఇది చల్లని నీటిలో కరగదు, నీటిని చక్కెరవలె లాగుకొనదు, కొద్ది చోటున పెద్ద మొత్తముగా ఇముడును. ముక్కలో పిండి యున్నదో లేదో తెలిసికొనుటకు ఒక చుక్క అయొడిన్ ద్రావణము చాలును. అన్నపు మెతుకు మీద, ఆలుగడ్డ ముక్క మీద వేసినచో ముదురు నీలిరంగు వచ్చును. పాఠశాలలలో పిల్లలచే దీనిని చేయించవచ్చును.

మొలకెత్తు వేళ వచ్చినప్పుడు గింజ ఎంజైములను పుట్టించి ఆ దండలను త్రుంచి మరల చక్కెరగా మార్చుకొనును. మొలకెత్తిన గోధుమలను నమిలినచో తీయగా ఉండుట అందువలననే. చిలగడదుంపను నిదానముగా ఉడికించునప్పుడు దానిలోని ఎంజైము పిండిని విడగొట్టి తీపిని పెంచును.

వరి, జొన్న, మొక్కజొన్న, గోధుమ, రాగి ఇవన్నియు గడ్డిజాతికి చెందినవి. వాని గింజలలో నూటికి 65 నుండి 78 పాళ్ళు పిండిజాతి పదార్థములే. ఆలుగడ్డ, కంద, చిలగడదుంప కూడ పిండినే దాచుకొనును. అయితే అవి ప్రయాణము చేయవలసినవి కావు. ఉన్నచోటనే మరల చిగురించవలసినవి. వానికి బరువుతో చిక్కు లేదు. అందుచే పిండితోపాటు నీటిని కూడ నిండుగా ఉంచుకొనును. ఆలుగడ్డలో నూటికి 75 పాళ్ళు నీరే. కావున 100 గ్రాముల బియ్యము సుమారు 345 కిలోకేలరీల శక్తినిచ్చుచుండగా 100 గ్రాముల ఆలుగడ్డ సుమారు 100 కిలోకేలరీలు మాత్రమే ఇచ్చుచున్నది.

నూనె – పెట్టెలోని బంగారము

తక్కువ బరువులో ఎక్కువ విలువను మోయవలసినప్పుడు మనుష్యుడు బంగారమును ఎన్నుకొనును. మొక్క నూనెను ఎన్నుకొనును. ఒక గ్రాము పిండి 4 కిలోకేలరీల శక్తినిచ్చును. ఒక గ్రాము నూనె 9 కిలోకేలరీలనిచ్చును. నువ్వుగింజను చూడుడు. వెయ్యి గింజలు కలిసినను మూడు గ్రాముల బరువు మాత్రమే. అంత చిన్న మూటలో మొలకకు కావలసినంత సద్ది పట్టవలెనన్న, పిండి చాలదు, నూనె కావలెను. నువ్వులలో, ఆముదములో, పల్లిగింజలో దాదాపు సగము బరువు నూనెయే. లోకములోని పుష్పజాతి మొక్కలలో ఎక్కువ భాగము తమ గింజలలో నూనెనే దాచుకొనుచున్నవి.

అట్లయిన వరి కూడ నూనెనే ఎందుకు దాచుకొనలేదు? బంగారము కొనుటకు ఎక్కువ వెల ఇయ్యవలెను గదా! 1975లో సింక్లేర్, డి విట్ అను శాస్త్రజ్ఞులు గింజల తయారీకి అగు ఖర్చును లెక్కకట్టిరి. ఆకు సంపాదించిన 100 గ్రాముల చక్కెరతో మొక్క 83 గ్రాముల పిండిని తయారుచేయగలదు. అదే చక్కెరతో మాంసకృత్తులైనచో సుమారు 40 గ్రాములు, నూనె యైనచో 33 గ్రాములు మాత్రమే తయారగును. రైతు సోదరులు ఈ లెక్కను గమనింపవలెను. పొరుగు పొలములో వడ్లు అన్ని బస్తాలు పండినవి, నా చేనులో పల్లికాయ ఇంతే పండినదని చింతింపరాదు. తూకములో తక్కువగా కనిపించినను, ఆ తక్కువ తూకములోనే చాల శక్తి ఇమిడియున్నది.

నూనెతో మరియొక చిక్కు కలదు. మొలక దానిని తిన్నగా వాడుకొనజాలదు. మొదట చక్కెరగా మార్చుకొనవలెను. జంతువుల శరీరము క్రొవ్వును ఇట్లు చక్కెరగా మార్చజాలదు, మొలకెత్తు విత్తు మార్చగలదు. ఈ రహస్యమును 1957లో కోర్న్‌బర్గ్, బీవర్స్ అను శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి. వారు పరిశోధించిన విత్తు ఏదో తెలియునా? మన నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టచేలకు చిరకాలముగా పరిచయమైన ఆముదపు గింజయే.

మాంసకృత్తులు – ఇల్లు కట్టు సామగ్రి

మొలకకు తిండి ఒక్కటియే చాలదు. క్రొత్త ఆకు, క్రొత్త వేరు కట్టుకొనుటకు సామగ్రి కావలెను. ఆ సామగ్రియే మాంసకృత్తులు. దానికి నత్రజని అవసరము. పప్పుజాతి మొక్కల వేళ్ళను పెరికి చూచినచో చిన్న చిన్న బుడిపెలు కనిపించును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. నత్రజని సమృద్ధిగా లభించుటచే కంది, శనగ, పెసర, మినుము తమ గింజలలో మాంసకృత్తులను మెండుగా నింపుచున్నవి. 100 గ్రాముల బియ్యములో 7 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే ఉండగా, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు కలవు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు మన రాష్ట్రమునకు గర్వకారణము. పల్లికాయ కూడ పప్పుజాతిదే. అందుచే దానిలో నూనెతోపాటు నూటికి 25 పాళ్ళు మాంసకృత్తులు కలవు.

నిలువ చేయుటలో మెలకువలు

దాచిన రూపమును బట్టి కాపాడు విధము మారును. వడ్లను 12, 13 శాతము తేమకు ఎండబెట్టినచో నిలువయుండును. పల్లికాయకు అది చాలదు; 8 శాతము లోపునకు రావలెను. కారణమేమన, నూనె నీటిని పట్టుకొనదు. గింజలో సగము నూనె యైనందున, ఉన్న తేమయంతయు తక్కిన సగములోనే చేరును. పైకి 8 శాతమని కనిపించు తేమ ఆ సగములో 16 శాతముగా ఉండును. బూజు పట్టుటకు సందు దొరకునది అచ్చటనే. కాయను చెవిదగ్గర ఊపినప్పుడు గింజ గలగలలాడవలెనని పెద్దలు చెప్పు మాటలో అర్థము కలదు.

పల్లికాయకు, మొక్కజొన్నకు పట్టు ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమును పాడుచేయును. వండినను పూర్తిగా పోదు. 1974లో రాజస్థాను, గుజరాతు రాష్ట్రములలోని కొన్ని గ్రామములలో, వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను తిని వందమందికి పైగా మరణించిరి. హైదరాబాదు పోషకాహార శాస్త్రజ్ఞులు ఆ గ్రామములకు పోయి కారణమును కనుగొనిరి. కావున బూజుపట్టిన, ముడుతలుపడిన, రంగుమారిన గింజలను ఏరివేయుడు. ఏరివేసిన వానిని పశువులకును పెట్టకుడు.

నూనెకు గాలి, వేడి, వెలుతురు శత్రువులు. అవి తగిలినచో కనరు వాసన పుట్టును. విత్తనపు పల్లికాయను పొట్టుతోనే నిలువచేసి, విత్తుటకు ముందు మాత్రమే ఒలుచుకొనవలెను. వరిగింజలో కూడ కొద్దిగా నూనె కలదు. అది పైపొరలోను, మొలకభాగములోను ఉండి, మరపట్టినప్పుడు తవుడులోనికి పోవును. దంపుడు బియ్యము తెల్లబియ్యము కంటె త్వరగా వాసన వచ్చుటకు ఇదియే కారణము. అంతమాత్రమున దంపుడు బియ్యము చెడ్డదని కాదు. కొద్ది కొద్దిగా పట్టించుకొని క్రొత్తగా వాడుకొనవలెను.

చిన్న కడుపు, పెద్ద ఆకలి

మొక్క ఏ రూపమున దాచినను, మన శరీరము దానిని చివరకు ఒకే నాణెముగా మార్చుకొని ఖర్చు చేయును. ఆ నాణెమునకు ఏ.టి.పి. అని పేరు. 1929లో దానిని లోకమునకు తెలిపినవారిలో మన తెలుగువాడు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఈ పని చేసిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ వేరుగా దీనిని కనుగొనెను.

చివరకు నాణెము ఒకటే యైనప్పుడు ఏది తినిన నేమి యని మీరడుగవచ్చును. పెద్దవారికి అది కొంతవరకు సరిపోవును. పసిబిడ్డకు సరిపోదు. బిడ్డ కడుపు ఒక పూటకు శరీరపు తూకములో కిలోకు సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే పట్టును. ఎనిమిది కిలోల బిడ్డకు 240 మిల్లీలీటర్లు. అనగా ఒక పెద్ద గ్లాసెడు. పిండి పదార్థమును నీటిలో ఉడికించినప్పుడు దాని గుళికలు నీరు పీల్చి ఉబ్బును. గిన్నె నిండుగా కనిపించును గాని దానిలో ఎక్కువ భాగము నీరే. పదవవంతు పిండితో కాచిన పలుచని జావ 100 మిల్లీలీటర్లకు సుమారు 35 కిలోకేలరీలు ఇచ్చును. బిడ్డ కడుపునిండ త్రాగినను 85 కిలోకేలరీలకు మించదు. ఏడాది నిండిన బిడ్డకు తల్లిపాలు గాక రోజుకు సుమారు 550 కిలోకేలరీలు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అనగా ఆ జావను ఆరేడుసార్లు కడుపునిండ త్రాపవలెను. కూలిపనికి పోవు తల్లికి అది సాధ్యమా? బిడ్డ కడుపు నిండినది, ఏడ్పు మానినది, నిద్రపోయినది. అయినను తూకము పెరుగుట లేదు. ఎన్నో ఇండ్లలో జరుగుచున్నదిదియే. ఇది తల్లి నిర్లక్ష్యము కాదు. పెట్టిన ఆహారము యొక్క రూపములోనే లోపమున్నది.

దీనికి ఉపాయము ఇచ్చటికి సమీపమున తార్నాకలోనే తయారైనది. 1918లో కూనూరులో మెక్కారిసన్ దొర ఒక చిన్న ప్రయోగశాలగా ప్రారంభించిన సంస్థ 1958లో హైదరాబాదునకు వచ్చినది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో పనిచేయుచున్నది. ఈ సంస్థ శాస్త్రజ్ఞులు తూకము తగ్గిన పిల్లల కొరకు రూపొందించిన పొడికి 'హైదరాబాద్ మిక్స్' అని పేరు. దానిలో గోధుమలు 40 గ్రాములు, శనగలు 16 గ్రాములు, పల్లిగింజలు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. మొత్తము 86 గ్రాములు. దీనివలన 330 కిలోకేలరీల శక్తియు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులును లభించును. ఇది బిడ్డ రోజూ తిను ఆహారమునకు అదనముగా పెట్టవలసినది.

ఈ పొడిని మరల ఒకసారి పరిశీలింపుడు. గోధుమలో గాదెలోని ధాన్యము, శనగలో ఇల్లు కట్టు సామగ్రి, పల్లిలో బంగారము, బెల్లములో రొక్కము. నాలుగు జాతుల మొక్కలు నాలుగు విధములుగా తమ బిడ్డల కొరకు కట్టిన సద్దిమూటలను విప్పి, మన బిడ్డ కొరకు ఒక్క మూటగా కట్టుటయే ఇందలి కిటుకు. పల్లిగింజ తూకములో ఎనిమిదవ వంతు కంటె తక్కువే యైనను, శక్తిలో ఆరవ వంతునకు పైగా ఇచ్చుచున్నది.

చేయు విధము సులభము. గోధుమలు, శనగలు, పల్లిగింజలు వేరువేరుగా దోరగా వేయించి, పల్లిపొట్టు తీసివేసి, పొడికొట్టి, బెల్లము కలుపవలెను. గింజలన్నియు బూజులేని మేలిరకము కావలెను. పల్లిని పసిపిల్లలకు గింజగా పెట్టరాదు, గొంతుకు అడ్డుపడును; మెత్తని పొడిగానే పెట్టవలెను. నూనె ఉన్నందున పొడి ఎక్కువ కాలము నిలువదు. కొద్దికొద్దిగా చేసి, మూతగల పొడిడబ్బాలో ఉంచుకొనవలెను. తూకము చక్కగా ఉన్న రెండేండ్లలోపు బిడ్డకు బెల్లము తగ్గించుట మంచిది. ఆరు నెలలు నిండు వరకు తల్లిపాలు తప్ప మరేదియు పెట్టరాదు.

అంగన్‌వాడీలలో ఇచ్చు బాలామృతమునందు గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర చేరియుండుటకు కూడ ఈ సూత్రమే ఆధారము. అది బిడ్డ వంతు. ఇంటిల్లిపాది పంచుకొన్నచో బిడ్డకు మిగులునది స్వల్పము.

పొడి లేనినాడు కూడ రెండు చిన్న పనులు చేయవచ్చును. మొదటిది, బిడ్డ గిన్నెలో ఒక చెంచాడు నూనెగాని, నెయ్యిగాని కలుపుట. ఐదు గ్రాముల నూనె 45 కిలోకేలరీలు ఇచ్చును. పలుచని జావ విలువ దీనితో సగము పెరుగును. రెండవది, మొక్క తాళపుచెవిని మనము వాడుకొనుట. రాగులనుగాని, గోధుమలనుగాని మొలకెత్తించి, ఎండబెట్టి, పిండిచేసి ఉంచుకొనవలెను. చిక్కగా కాచిన జావను దించి, వేడిగా ఉన్నప్పుడే ఒక చెంచాడు మొలకపిండిని వేసి కలియబెట్టినచో, దానిలోని ఎంజైము పిండి దండలను త్రుంచి జావను పలుచన చేయును. పిమ్మట మరల ఒక పొంగు రానీయవలెను. నీరు పోయకయే జావ జారుగా అగుటచే అదే గ్లాసులో ఎక్కువ పిండి పట్టును. 1980ల దశకమున బరోడాలో ఈ పద్ధతి మీద విస్తారముగా పరిశోధనలు జరిగినవి. జొన్న మొలకలను మాత్రము ఇందుకు వాడవద్దు; లేత జొన్న మొలకలో విషపదార్థముండును.

సోదర సోదరీమణులారా,

ఈ విద్యకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. గోధుమ అంగడిలో ఉన్నది. శనగ, పల్లి, బెల్లము మన ఊళ్ళలోనే ఉన్నవి. మీ గ్రామమునకు తిరిగి పోయిన పిమ్మట మూడు పనులు చేయుడు. తూకము తగ్గిన పిల్లల ఇండ్లకు పోయి వారు త్రాగు జావను గరిటెతో ఎత్తి చూడుడు. నీళ్ళవలె జారినచో తల్లికి ఈ సంగతి ఓపికతో చెప్పుడు. మహిళా సంఘము కూడిననాడు ఒక పూట అందరి ఎదుట ఆ పొడిని చేసి చూపుడు. పల్లికాయ ఇంటికి చేరు దినములలో రైతుల కళ్ళములకు పోయి, కాయ గలగలలాడునంతవరకు మూటకట్టవలదని హెచ్చరింపుడు.

నువ్వుగింజయంతటి చిన్న విత్తు కూడ తన బిడ్డ ఆకలిని ముందుగానే ఊహించి, దాని ప్రయాణమునకు తగిన సద్దిని కట్టిపెట్టుచున్నది. మన బిడ్డ కడుపెంతయో, ఆకలి యెంతయో మనమును అంత శ్రద్ధగా లెక్కవేసి కంచము సిద్ధము చేయుదుము గాక. సెలవు.